ఆ పులిహోర తిన్నందుకు దేవుడు నన్ను వదిలేశాడా?

ప్రశ్న: అక్కయ్యగారికి వందనాలు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. విశాఖలో గోపాలపట్నంలో అమ్మతో ఉంటున్నాను. ద్వారకానగర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. తాతల కాలం నుంచి మాది బాప్టిస్టు సంఘం.

పోయిన మార్గశిర మాసంలో ఒక గురువారం మా పక్క సీటావిడ మధ్యాహ్నం పులిహోర డబ్బా తెరిచింది. ఇంట్లో చేసిందనుకుని రెండు ముద్దలు తిన్నాను. తర్వాత "బురుజుపేట అమ్మవారి ప్రసాదం" అంది. వాష్‌రూమ్‌లోకి పరిగెత్తి, గొంతులో వేలు పెట్టి కక్కేశాను. బయటికి వస్తే ఆవిడ తలుపు దగ్గరే ఉంది. అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు నా పని కూడా చేసిపెట్టింది ఆవిడే.

ఆ రాత్రి నుంచి నాకు మనశ్శాంతి లేదు. క్షమించమని ప్రభువును అడుగుతాను. మనసు పెట్టి అడిగానో లేదోనని మళ్లీ అడుగుతాను. ప్రార్థనలో ఒక్క మాట తడబడినా మొదటి నుంచి మొదలుపెడతాను. క్యాంటీన్‌లో కొబ్బరి చట్నీ ముట్టను, ఆ కాయ ఏ గుడిలో కొట్టిందోనని. దశమభాగం పీఎఫ్ పోగా చేతికొచ్చే జీతం మీద ఇవ్వాలా, మొత్తం జీతం మీదా అన్నది తేలక ఒక్కో నెల రెండుసార్లు ఇస్తున్నాను. అయోగ్యంగా తీసుకుంటే శిక్ష అని ఐదు నెలలుగా ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనలో, పాల్గొనలేదు. మా ప్రార్థన గుంపులో ఒక అన్నయ్య మూడు రోజులు ఉపవాసం ఉండమన్నారు. ఉన్నాను, ఇంకా ఎక్కువైంది.

ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో ఉండగా యేసు ప్రభువును తిట్టే మాటలు మనసులోకి వస్తున్నాయి. ఇది పరిశుద్ధాత్మకు విరోధమైన దూషణేనా? నాకిక క్షమాపణ లేదా? మనస్సాక్షి దేవుని స్వరమే కదా, అది నిందిస్తుంటే వినకుండా ఎలా ఉండను?

జవాబు: అమ్మా, మీకు వందనాలు. ఎవరికీ చెప్పలేదంటూ చివర్లో రాశారే, దానితోనే మొదలుపెడతాను. మీకు నిద్ర పట్టనివ్వనిది అసలు అదేనని నాకనిపిస్తోంది.

అది పరిశుద్ధాత్మ దూషణ కాదు. మత్తయి 12వ అధ్యాయం తీసి ఆ దూషణకు క్షమాపణ లేదన్న మాట యేసు ఎవరితో, ఎప్పుడు అన్నాడో చూడండి. గుడ్డివాడూ మూగవాడూ అయిన ఒక మనిషిని యేసు బాగుచేశాడు. జనమంతా కళ్లారా చూశారు. చూసి కూడా ఆనాటి మతపెద్దలైన పరిసయ్యులు, ఇది దయ్యాల అధిపతి పని అన్నారు. ఎదురుగా కనిపిస్తున్న మంచిని, మంచి అని తెలిసీ, తమ పెద్దరికం పోతుందని చెడ్డదని తేల్చేశారు. అన్నందుకు వాళ్లెవరూ బాధపడినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. మీ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంది. అడగకుండా ఒక మాట మనసులోకి వస్తోంది, రాగానే మీరు వణికిపోతున్నారు. ఆ మాట మీరు కోరుకున్నది కాదు, ఒప్పుకున్నదీ కాదు. మనసులోకి వచ్చినంత మాత్రాన అది మీ పాపం కాదు.

మీరొక్కరే అనుకోకండి. యాత్రికుని ప్రయాణము మన సంఘాల్లో చాలా ఇళ్లలో ఉంటుంది. అది రాసిన జాన్ బన్యన్ ఇంగ్లండులో పాత్రలకు మాట్లు వేసుకుని బతికినవాడు. తర్వాత బోధకుడై, బోధించినందుకే జైలుకు వెళ్లాడు. 1666లో తన జీవితం గురించి ఒక పుస్తకం అచ్చువేశాడు. "క్రీస్తును అమ్మేయి, అమ్మేయి" అన్న మాట తన మనసులో రోజుల తరబడి ఎలా మోగిందో, భోజనానికి కూర్చున్నా వదలలేదో అందులో రాసుకున్నాడు. తనకిక క్షమాపణ లేదని చాలాకాలం గట్టిగా నమ్మాడు. యాత్రికుని ప్రయాణము మొదటి భాగం 1678లో వచ్చింది. ఆ పాపం చేసి దేవుడు వదిలేసిన మనిషి రాసిన పుస్తకమని మన పెద్దలెవరూ దాన్ని పక్కన పెట్టలేదు.

ఆ మాటలు వచ్చినప్పుడు ఏం చేయాలంటే, ఏమీ చేయకండి. "నేనలా అనలేదు ప్రభువా" అని సంజాయిషీ చెప్పొద్దు. తల విదిలించి, కళ్లు గట్టిగా మూసి తరిమేయాలని చూడొద్దు. రాకూడదని ఎంత పట్టుబడితే అంత వస్తాయి. ఆ మాటను అలాగే ఉండనిచ్చి, మీరు చెబుతున్న ప్రార్థనలో తర్వాతి మాట చెప్పండి. తడబడినా మొదటికి వెళ్లొద్దు. ప్రభువు మనకు నేర్పిన ప్రార్థనకు ముందు మత్తయి 6లో ఏమన్నాడో చూశారా? ఎక్కువ మాటలు చెబితేనే దేవుడు వింటాడనుకుని ఊరికే చెప్పిందే చెప్పొద్దన్నాడు. మీరు అదే ప్రార్థనను రాత్రికి ఎన్నిసార్లు తిరగేస్తున్నారో నేను అడగను, మీరు లెక్కపెట్టొద్దు కూడా.

ఇక మనస్సాక్షి దేవుని స్వరమే కదా అన్నారు. ఈ మాట సంఘంలో ఎంత తేలిగ్గా అనేస్తామో! సగం నిజం. మంచీ చెడూ మనసుకు తెలిసేలా దేవుడే పెట్టాడని రోమా 2లో పౌలు రాశాడు. కేథలిక్కులు 1965లో వాటికన్ మహాసభలో రాసుకున్న పత్రంలోనూ మనస్సాక్షిని మనిషి దేవునితో ఒంటరిగా ఉండే చోటుగా చెప్పారు. అయితే అదే పేరాలో మనస్సాక్షి తెలియక పొరబడే సందర్భాలు చాలా ఉంటాయనీ ఉంది. పౌలు ఇంకా సూటిగా చెప్పాడు. తన మనస్సాక్షి తనలో ఏ తప్పూ చూపించడం లేదట, అయినా తీర్పు తీర్చేది అది కాదు, ప్రభువట (1 కొరింథీ 4:4). "తప్పులేదు" అని మనస్సాక్షి చెప్పినా అది చివరి తీర్పు కానప్పుడు, "నువ్వు దోషివి" అని అరిచినప్పుడు మాత్రం చివరి తీర్పు ఎలా అవుతుంది? యోహాను తన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో రాసింది సరిగ్గా మీలాంటి వాళ్ల కోసమే. మన హృదయం మనల్ని దోషులంటున్నా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడు, ఆయనకు అన్నీ తెలుసు అన్నాడు.

ప్రొటెస్టెంటు సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ సంగతి మీకు ఒకటి చెప్పాలి. ఆయన పేరు మీకు తెలుసు, ఈ వైపు మాత్రం మన ప్రసంగాల్లో తక్కువ వినిపిస్తుంది. 1505లో ఎర్ఫర్ట్ మఠంలో సన్యాసిగా చేరాక లూథర్ పాపసంకీర్తనానికి, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్తే గంటల తరబడి బయటికి వచ్చేవాడు కాదు. అన్నీ చెప్పేసి వెళ్లి, ఏదో మరిచిపోయానని మళ్లీ వచ్చేవాడు. ఆయన పై అధికారి స్టౌపిట్జ్ అనే పెద్దాయన విసిగిపోయాడు. విసిగినా వదిలేయలేదు. నీ లోపలికి తవ్వుకోవడం ఆపి క్రీస్తు గాయాల వైపు చూడమనేవాడు. ఆ తర్వాత విట్టెన్‌బర్గ్‌లో బైబిలు బోధించే పని పురమాయించాడు. కూర్చుని తన పాపాలు తవ్వుకునే మనిషికి చేతినిండా పని ఇచ్చాడన్నమాట! అదే లూథర్ 1521 ఏప్రిల్‌లో వోర్మ్స్‌లో తన రాతలు వెనక్కి తీసుకోమన్న చక్రవర్తి ఎదుట నిలబడి, తన మనస్సాక్షి దేవుని వాక్యానికి కట్టుబడి ఉందనీ, దానికి విరోధంగా నడవలేననీ అన్నాడు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మఠంలో ఆయన్ని తినేసింది భయం. వోర్మ్స్‌లో నిలబెట్టింది మనస్సాక్షి. మొదటిది ఆయన్ని గదిలో పెట్టి తలుపేసింది. రెండోది ఒక్క విషయం మీద, ఒక్క మాట చెప్పించింది. చెప్పాక ఆయన మాట్లాడింది సరిగ్గా పలికానా లేదా అని వెనక్కి తిరిగి రాలేదు.

మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి మీ పనిలో మాటే చెబుతాను. ఆడిటర్ రాసే అభ్యంతరం ఎలా ఉంటుంది? ఫలానా తేదీ, ఫలానా వోచర్, బిల్లు జతచేయలేదు అని ఉంటుంది. మీరు బిల్లు పెడతారు, లేదంటే డబ్బు కట్టిస్తారు, ఆ పేరా కొట్టేస్తారు. మనస్సాక్షి ఇలాగే పనిచేస్తుంది. ఎవరికి ఏం చేశావో చెబుతుంది, ఏం చేస్తే సరిపోతుందో చెబుతుంది, చేశాక ఊరుకుంటుంది. మీ లెడ్జర్లలో ఎక్కడో ఏదో తప్పుంది, ఏదో మాత్రం చెప్పను, మొదటి నుంచి మళ్లీ చూడు, మళ్లీ చూడు అని రోజూ రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసేవాణ్ని మీరు ఆడిటర్ అంటారా?

దీన్ని సంఘం ఐదొందల ఏళ్ల కిందటే బాగా ఎరుగును. విజయవాడలో ఆంధ్రా లొయోలా కాలేజీ ఉందికదా, ఆ లొయోలా ఇగ్నేషియస్. స్పెయిన్ సైనికుడు. 1521లో యుద్ధంలో కాలు దెబ్బతిని మంచం పట్టి, లేచాక దేవుని వైపు తిరిగాడు. మరుసటి ఏడు మోంట్‌సెరాట్ అనే చోట తన జీవితంలో పాపాలన్నీ రాసుకుని మూడు రోజుల పాటు ఒప్పుకున్నాడు. అక్కడితో తీరలేదు. మన్రేసా ఊళ్లో నెలల తరబడి అవే పాపాలు మళ్లీ మళ్లీ ఒప్పుకున్నాడు. చచ్చిపోదామన్న ఆలోచన వచ్చేదాకా వెళ్లింది. చివరికి దేవుడు జవాబిచ్చేదాకా తిననని వారం రోజులు అన్నం నీళ్లు మానేశాడు. ఆదివారం ఆ సంగతి చెబితే ఆయన పాపసంకీర్తన గురువు వెంటనే ఉపవాసం విరమించమని ఆజ్ఞాపించాడు. మీకు మూడు రోజులు ఉపవాసం చెప్పిన అన్నయ్యగారి మనసు మంచిదే కావచ్చు, సలహా మాత్రం తప్పు. భయంతో కుంగిన మనిషిని ఆకలితో కూడా కుంగదీస్తే ఏం ఒరుగుతుంది? నన్నడిగితే ఇది తగ్గేదాకా మీరు ఉపవాసాలేవీ చేయకూడదు. మీ పాస్టరుగారికీ ఈ మాట చెప్పండి.

మీది బాప్టిస్టు సంఘం, ఈ మఠాల గొడవ మనకెందుకు అనకండి. ఇగ్నేషియస్ తర్వాత రాసిన ఒక చిన్న సూచన మీకు చాలా పనికొస్తుంది. దారిలో రెండు గడ్డిపరకలు అడ్డంగా పడి సిలువలా కనిపిస్తాయి. చూసుకోకుండా తొక్కేస్తాం. తొక్కాక "పాపం చేశానా?" అనిపిస్తుంది. ఒక పక్క చేయలేదనీ తెలుస్తూనే ఉంటుంది, ఇంకో పక్క మనసు కుదుటపడదు. ఇలా ఊగడమే అసలైన అనుమానపు జబ్బు, శత్రువు పెట్టే శోధన అన్నాడు. నేరంగా తేల్చి చెప్పలేకా, వదిలిపెట్టలేకా ఊగుతున్నదేదైనా సరే, మీరు దానికి లోబడనక్కర్లేదు.

మీరిక్కడ రోమా 14:23 ఎత్తుతారని తెలుసు. అనుమానపడుతూ తింటే దోషి అని ఉందికదా అంటారు. ఆ అధ్యాయం మొత్తం చదవండి. ఇది తినడం తప్పని మనసులో తేల్చుకున్నవాడు, పక్కవాళ్లు ఏమనుకుంటారోనని తిన్న సందర్భం అది. తప్పు కాదని తెలిసినా గుండె దడదడలాడుతున్న మనిషి సంగతి అక్కడ లేదు. దడ వేరు, నమ్మకం వేరు. పాత దైవశాస్త్ర పండితులు దీన్ని విడివిడిగానే చెప్పేవాళ్లు. 18వ శతాబ్దంలో అల్ఫోన్సస్ లిగోరి అనే ఇటలీ బిషప్పు ఈ విషయంలో పెద్ద పేరు. ముందు లాయరు, తర్వాత గురువు. ఆయనకే ఈ బాధ ముసలితనం దాకా ఉంది. ఇలాంటి వాళ్లకు ఆయన చెప్పిన మందు ఒక్కటే. నమ్మకమైన ఒక్క సలహాదారు మాట విని, భయం వద్దన్నా నడిచిపొమ్మని.

ఇప్పుడు పులిహోర. 1805లో లండన్ మిషన్ వాళ్లు మన విశాఖపట్నంలో అడుగుపెట్టారు. ప్రసాదం తినొచ్చా అన్న ప్రశ్న మనకు అంత పాతది. హార్బరు పక్కన మూడు కొండల మీద చర్చీ, దర్గా, వేంకటేశ్వరుడి గుడీ వరసగా ఉన్న ఊరు మనది. ఇక్కడ ఇరుగుపొరుగుతో బతికే క్రైస్తవులు ప్రతి పండక్కీ దీన్ని ఎదుర్కొంటారు. కొరింథులోనూ అంతే. గుళ్లలో బలిచ్చిన మాంసం అంగట్లోకి వచ్చేది. పౌలు రెండు మాటలు చెప్పాడు (1 కొరింథీ 10:25-29). అంగట్లో అమ్మేది కొనుక్కుని తినండి, ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీయకండి. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి, అడగకండి. ఇది బలి అర్పించింది అని వాళ్లే చెబితే మాత్రం, చెప్పినవాళ్ల కోసం, మనస్సాక్షి కోసం మానేయండి.

మీరు తిన్నప్పుడు మీకు తెలియదు. తెలియకుండా, ఒప్పుకోకుండా పాపం కాదు. దీనికి క్షమాపణ అడగాల్సిన పని మొదటి రోజే లేదు, ఇప్పుడూ లేదు. ఆవిడ "ప్రసాదం" అని చెప్పాక ఇంకో ముద్ద తీసుకోకపోతే సరిపోయేది. ముందు ముందు ఎవరైనా ప్రసాదమని చెప్పి ఇస్తే, "మా ఇంట్లో తీసుకోమండీ, ఏమనుకోకండి" అని చిరునవ్వుతో చెప్పండి. తీసుకుని పక్కనెవరికైనా ఇచ్చేసేవాళ్లూ మన సంఘాల్లో ఉన్నారు, వాళ్లనూ నేను తప్పుపట్టను. చట్నీ సంగతికొస్తే, కొబ్బరికాయ ఎక్కడ కొట్టారని ఆరా తీయడం పౌలు సూటిగా వద్దన్న పని. ఇడ్లీతో పాటు చట్నీ కూడా వేయించుకోండి, అడక్కండి. భక్తి అనుకుని మీరు చేస్తున్నది వాక్యం వద్దన్నదే.

ఇంత రాశాక నన్ను అసలు ఆపింది మీ ఉత్తరంలో ఇంకో చోటు. చట్నీ గురించి రాశారు, పీఎఫ్ గురించి రాశారు. వాష్‌రూమ్ తలుపు దగ్గర నిలబడ్డ ఆవిడ గురించి రెండే వాక్యాలు. మీ అమ్మగారు ఆపరేషన్‌కు వెళ్తే మీ పని నెత్తినేసుకున్న మనిషి, ప్రేమగా డబ్బా మీ వైపు జరిపింది. తన దేవత ప్రసాదాన్ని మీరు విషంలా కక్కడం విన్నది. మీరు బయటికి వచ్చి ఒక్క మాటైనా అన్నారా? అన్నట్టు రాయలేదు. ఈ ఐదు నెలల గొడవలో నాకు వోచర్ నంబరుతో కనిపించిన అభ్యంతరం ఇదొక్కటే. భయం అంత గోల చేస్తుంటే మనస్సాక్షి మాట వినిపించలేదు.

మిమ్మల్ని కొత్త పాపం పేరుతో భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఇది దిద్దుకోగలిగింది కాబట్టి చెబుతున్నాను. సోమవారం టీ టైమ్‌లో ఆవిడ దగ్గరికెళ్లి, "ఆ రోజు నేను కంగారుపడి అలా చేశాను. మిమ్మల్ని బాధపెట్టాను, క్షమించండి. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీరు చేసింది నేను మరిచిపోలేదు" అనండి. అంతే. విగ్రహాల గురించి వివరణ వద్దు. మీ నమ్మకాన్ని సమర్థించుకోవద్దు, దానికి సిగ్గుపడనూ వద్దు. ఆవిడ ముఖం ముడుచుకున్నా రెండోసారి క్షమాపణ అడగొద్దు, మంగళవారం మెసేజ్ పెట్టొద్దు. దీన్నీ ఒక తంతు చేసుకుంటారేమోనని నా భయం. తర్వాత ఇంటి నుంచి మీరు చేసిందేదైనా పట్టుకెళ్లి పెట్టండి. మీ మామిడికాయ పప్పు ఆవిడకు నచ్చొచ్చు.

బల్ల విషయం దీనితోనే ముడిపడి ఉంది. 1 కొరింథీ 11లో "అయోగ్యంగా" అన్న మాట పట్టుకుని మన ప్రసంగాల్లో జనాన్ని ఎంత బెదిరిస్తామో, బల్ల ముందు బెంచీలు ఖాళీ అవడం చూస్తే తెలుస్తుంది. అక్కడ ఏం జరిగిందో చదివితే వేరే సంగతి. డబ్బున్నవాళ్లు ముందే వచ్చి తినేసేవాళ్లు, కొందరు తాగేసేవాళ్లు, లేనివాళ్లు ఆకలితో మిగిలేవాళ్లు. తోటి సహోదరుణ్ని అలా చిన్నచూపు చూస్తూ బల్ల దగ్గర కూర్చోవడమే ఆ అయోగ్యత. పైగా పౌలు, మనిషి తన్ను తాను పరీక్షించుకుని రొట్టె తిని, పాత్రలోది తాగాలి అన్నాడు. పరీక్షించుకుని వెళ్లిపొమ్మనలేదు. యేసు ప్రభువు అయితే అర్పణ బలిపీఠం దగ్గర వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు (మత్తయి 5:23-24). ఆవిడతో మాట్లాడండి. తర్వాత వచ్చే మొదటి ఆదివారం బల్లలో పాల్గొనండి. గుండె దడదడలాడుతూనే ఉంటుంది. దడ తగ్గేదాకా ఆగితే ఎప్పటికీ వెళ్లలేరు, దడతోనే వెళ్లండి.

దశమభాగం గురించి రెండు ముక్కలు. చేతికొచ్చే జీతం మీద ఇవ్వండి, నెలకు ఒక్కసారి. పీఎఫ్ చేతికొచ్చిన నాడు దాని సంగతి చూసుకోవచ్చు. పుదీనా, సోపు, జీలకర్రల్లో కూడా పదోవంతు లెక్కగట్టి న్యాయాన్ని, కనికరాన్ని వదిలేసినవాళ్లను యేసు ఏమన్నాడో మీకు తెలుసు. రెండుసార్లు ఇచ్చిన డబ్బు గురించి పాత నెలల లెక్కలు తీయొద్దు.

ఇక ముందు ఇలాంటి ప్రశ్న వస్తే అడగడానికి ఒక్క మనిషిని పెట్టుకోండి. మీ పాస్టరుగారో, పాస్టరమ్మగారో, స్త్రీల సమాజంలో నిదానంగా మాట్లాడే ఒక పెద్దావిడో. ప్రార్థన గుంపు వాట్సాప్‌లో అడగొద్దు, అక్కడ పదిమంది పది రకాలు చెబుతారు, మీరు అందులో అన్నిటికంటే భయంకరమైనదే పట్టుకుంటారు. ఒక విషయం ఆ మనిషిని ఒక్కసారే అడగండి. చెప్పింది చేయండి. మళ్లీ అడిగితే జవాబివ్వొద్దని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. మన సంఘాల్లో పాపసంకీర్తనం లేదు నిజమే, ఒకరితో ఒకరు చెప్పుకోమని యాకోబు రాశాడు కదా.

దీంతో పాటు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాలి. మీరు రాసిందంతా చూస్తే నాకు ఓసీడీ అనే మానసిక జబ్బు అనిపిస్తోంది. నేను డాక్టర్ని కాను, తేల్చాల్సింది వాళ్లే. అక్కర్లేని ఆలోచన వస్తుంది, భయమేస్తుంది, భయం తగ్గడానికి ఒక పని చేస్తాం. మీ విషయంలో క్షమాపణ అడగడం, ప్రార్థన మొదటి నుంచి చెప్పడం, చట్నీ వదిలేయడం. కాసేపు హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసం మనసు రేపు మళ్లీ అదే భయం తెస్తుంది. కొందరికి ఇది చేతులు కడుక్కోవడంలో వస్తుంది, కొందరికి గ్యాస్ కట్టేశానా లేదా అని, మీకు భక్తిలో వచ్చింది. ఆ హాయినిచ్చే పనిని మానేసి, భయాన్ని దానంతటదే తగ్గనిచ్చేలా మెల్లగా అలవాటు చేసే చికిత్స ఉంది. అవసరమైతే మందులూ ఇస్తారు, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. చాలామందికి తగ్గుతుంది. డాక్టరు మిమ్మల్ని ప్రసాదం తినమనడానికి ఏ అవసరమూ లేదు. మీ విశ్వాసంలో ఏది సరిహద్దో మొదటి రోజే చెప్పండి. చట్నీ తినడం, ప్రార్థన ఒక్కసారే చెప్పి నిద్రపోవడం లాంటివి చేయించమనండి.

చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు చెబితే మన ఊళ్లో నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి. అంత దూరం వెంటనే వెళ్లలేకపోతే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంకొకటి అడగాలి. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, ఇగ్నేషియస్‌కు వచ్చినట్టు బతకడమెందుకన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, ఆ రోజే అమ్మకు చెప్పి, ఆ నంబరుకే చేయండి. అది రాత్రి రెండయినా సరే.

నాకు మళ్లీ రాయండి. పక్క సీటావిడ ఏమన్నారో రాయండి, డాక్టరు దగ్గరికి వెళ్లారో లేదో రాయండి. "అక్కయ్యగారూ, తిన్నది రెండు ముద్దలు కాదు, మూడేమో, మీకు అబద్ధం చెప్పానేమో" అని రాస్తే మాత్రం నా దగ్గర్నుంచి జవాబు రాదు. కోపం వచ్చి కాదు, పైన మీ పెద్దావిడకు చెప్పమన్న షరతే నాకూ వర్తిస్తుంది.